రుమాలు వెనక మాటలు

నిద్ర లేచేసరికి నోరు అట్టలా ఎండిపోయి ఉంది.

నాలుక మీద దూది.

అద్దం ముందు నిలబడి ఆమె నోరు తెరిచింది. తెల్లగా, పేలికలు పేలికలుగా... నాలుక మీద, అంగిట్లో, బుగ్గల లోపల. వేలితో గీకితే కొంచెం ఊడింది. అడుగున ఎర్రటి పుండు.

మిల్లు మూతపడి పన్నెండేళ్ళు. దూది మాత్రం ఆమెను వదలలేదు.

ముప్పై ఏళ్ళు ఆమె, ఆమె అక్క ఆ నూలు మిల్లులో ఎదురెదురు మరల మీద పనిచేశారు. గాలి నిండా దూది నూగు. కనురెప్పల మీద నూగు. అన్నం గిన్నెలో నూగు. మరల మోతలో గొంతు చించుకున్నా పక్కవాళ్ళకి వినబడదు. అందుకే మిల్లు ఆడవాళ్ళు పెదవులతో మాట్లాడుకునేవారు, చప్పుడు లేకుండా. మేస్త్రీ మీద జోకులు, మొగుళ్ళ మీద చాడీలు, ఇంట్లో చెప్పుకోలేని ఏడుపులు — అన్నీ పెదవి నుంచి కంటికి.

మోత అక్క చెవులు తీసుకుంది.

నూగు చెల్లెలి ఊపిరితిత్తులు తీసుకుంది.

"పంపకం సరిగ్గానే జరిగిందిలే" అని అక్క నవ్వేది. ఇద్దరిదీ ఒకే ఇల్లు. చెల్లెలికి అరిచే ఊపిరి లేదు. అరిచినా అక్కకి వినబడదు. అయినా ఏ లోటూ లేదు — పెదవులున్నాయి కదా.

రెండేళ్ళ కిందటి దాకా.

అప్పటినుంచి చెల్లెలు పొద్దునా సాయంత్రం ఇన్‌హేలర్ పీలుస్తోంది. ఆయాసానికి ఊపిరంతా నోటితోనే. ముందు రుచి పోయింది. తర్వాత చిగుళ్ళు చీము పట్టాయి. పళ్ళు ఒక్కొక్కటే కదిలాయి. ఒకరోజు బస్సులో పక్కన కూర్చున్నావిడ ముక్కు మూసుకుని లేచి వెళ్ళిపోయింది.

ఆ రోజు నోటికి అడ్డం పెట్టుకున్న రుమాలు మళ్ళీ తియ్యలేదు.

"ఏమంటున్నావే? ఆ గుడ్డ తియ్యి తల్లీ, నాకెలా తెలుస్తుంది?" అనేది అక్క.

తియ్యలేదు.

కొన్నాళ్ళకి అక్క అడగడం మానేసింది. ఇల్లు, మరలు ఆగిపోయిన షెడ్డయింది.

చెల్లెలు మాత్రం మాట్లాడుతూనే ఉంది... రుమాలు వెనక. అక్క అటు తిరిగి కూరలు తరుగుతుంటే, అక్క వీపుతో. ఊపిరి అందని క్షణాలన్నీ. భయాలన్నీ. నేను ముందు పోతే నీతో ఎవరు మాట్లాడతారక్కా...

ఇప్పుడు, అద్దంలో, తన భుజం వెనక అక్క మొహం కనిపించింది.

దాచుకునే వేళ దాటిపోయింది. అక్క ఆ నోటిని చూసింది. చెయ్యి పట్టుకుని పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయింది.

కుర్చీ వెనక్కి వాల్చగానే చెల్లెలికి ఊపిరాడక నీళ్ళలో ముంచినట్టయింది. డాక్టరమ్మ గబగబా కుర్చీ లేపింది. ఆమెను నిటారుగా కూర్చోబెట్టి, తాను వంగి చూసింది.

"మందు పీల్చాక నోరు పుక్కిలిస్తున్నారా?"

"పుక్కిలించాలా?"

"పీల్చిన ప్రతిసారీ అమ్మా. లేకపోతే ఇలా బూజు పడుతుంది. ఎవరూ చెప్పలేదా?"

ఎవరూ చెప్పలేదు.

గుక్కెడు నీళ్ళు.

రెండేళ్ళు... గుక్కెడు నీళ్ళు.

బూజు రెండు వారాల్లో పోయింది. పళ్ళు నిలవలేదు. నాలుగు విడతలుగా, కూర్చోబెట్టే, అన్నీ తీసేశారు. చిగుళ్ళు మానాక కట్టుడు పళ్ళు పెట్టారు.

ఇంటికొచ్చి, అక్క ఎదురుగా కూర్చుని, చెల్లెలు రుమాలు తీసింది.

"మాట్లాడనా?" అన్నాయి పెదవులు.

అక్క కళ్ళు చికిలించింది. "పాట పాడతావా? ఇప్పుడా?"

అక్క చదవడం నేర్చిన పెదవులు అవి కావు. కొత్త పళ్ళ మీద పరాయి మనిషి పెదవుల్లా కదులుతున్నాయి. ఇద్దరూ నవ్వారు, చెల్లెలికి ఆయాసం వచ్చేదాకా.

నవ్వు ఆగాక అక్క ఆమె గడ్డం పట్టుకుంది.

"ఒకటడుగుతా. నేనటు తిరిగినప్పుడల్లా ఆ గుడ్డ కదిలేది. కిటికీ అద్దంలో చూసేదాన్ని. అన్నాళ్ళూ ఏం చెప్పావే?"

చెల్లెలి చెయ్యి రుమాలు కోసం వెతికింది.

ఏం లేదక్కా — అన్నాయి పెదవులు.

అక్క గడ్డం వదల్లేదు. పెదవుల మీంచి చూపు తిప్పలేదు.

"మళ్ళీ చెప్పు," అంది. "మెల్లగా."

చెల్లెలు ఊపిరి తీసుకుంది. అందినంత.

నోరు తెరిచింది...