దుర్గవ్వ నాలుక

కోరుట్ల రోడ్డు మీదున్న చేపల కంపెనీలో దుర్గవ్వ పని తినడం. ఉప్పు, కారం, పులుపు ఏమీ లేకుండా ఉడికించిన చేపముక్కని నమిలి, మట్టి వాసన వస్తుందో లేదో చెప్పాలి. రాలేదంటే ఆ ముక్క వచ్చిన కుంటలో పెంచిన పంగాస్ చేపలన్నీ ముక్కలై, గడ్డకట్టి, ఓడెక్కి పరదేశం పోతాయి. వచ్చిందంటే రైతు ముఖం మాడ్చుకుని ఇంటికి పోతాడు. పరదేశం వాళ్లకి మట్టి వాసన గిట్టదట. చేప ఎక్కడ పెరుగుతుందనుకున్నారో మరి!

చప్పిడి ముక్కలు తిని జీతం తీసుకుంటుందని వాడకట్టంతా నవ్వేది. అయినా ఆ కుర్చీ అంటే దుర్గవ్వకు ప్రాణం. అందరూ కత్తి పట్టుకుని నిలబడే చోట ఆమె ఒక్కతే కూర్చునేది. మూడేళ్లలో ఆమె మాట ఒక్కసారీ తప్పు కాలేదు.

ఆ రోజు పళ్లెంలో వచ్చిన ముక్క మల్లాపూర్‌ది. ఆ ఊరి కుంటని కౌలుకు పట్టింది ఆమె బిడ్డ దీవెన. తొలి పంట. రేపటి కంటైనర్ తప్పితే మళ్లీ నెలన్నరకి. ఆలోపు కౌలు గడువు తీరిపోతుంది, చేపల్ని సంతలో వచ్చినకాడికి అమ్ముకోవాలి. ఈ సంగతి కంపెనీలో అందరికీ తెలుసు. అందరూ కత్తులు ఆపి ఆమె వైపే చూస్తున్నారు.

ముక్క నోటిదాకా పోకముందే దుర్గవ్వ అనేసింది, "మట్టి వాసన అస్తున్నది."

మేనేజర్ వెంకటేశం కాగితం మీద అడ్డగీత గీశాడు. అప్పుడు ఆమె ముక్క నోట్లో వేసుకుంది. ఎంత నమిలినా చేప రుచే తప్ప ఇంకేం తగల్లేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"సారూ, గా గీత కొట్టెయ్. తినకముందే చెప్పిన."

"ఎందుకట్ల?"

"మంచిగున్నదంటే, బిడ్డదని చెప్పిందంటరని భయమైంది."

"తినకుండ చెప్పే నాలుకతోని నాకేం పని దుర్గవ్వా?" అన్నాడు వెంకటేశం. అడగాల్సిన మాటే.

కోత బల్ల దగ్గరున్న బాలలక్ష్మిని పిలిచి తినమన్నాడు. ఆమె నమిలి, "ఉప్పు లేదు సారూ" అంది. వాసన సంగతి అడిగితే, "వాసన గిట్ల ఏం లేదు" అంది.

దీవెన చేపలు పాసయ్యాయి. బాలలక్ష్మి కుర్చీలో కూర్చుంది. ఆమె కత్తి దుర్గవ్వ చేతికొచ్చింది.

మధ్యాహ్నం దీవెన ఫోన్ చేసింది.

"అమ్మా, పాసైనయట! నీ నోట్ల చక్కెర పొయ్య, నువ్వే చెప్పినవా?"

అబద్ధమాడితే అక్కడితో అయిపోయేది.

"బాలలక్ష్మి చెప్పింది బిడ్డా."

"మరి నువ్వేమన్నవ్?"

"బాగలేవన్న," అంది దుర్గవ్వ. "నీ శాపలు గాబట్టి తినకుంటనే అన్న."