పందొమ్మిది పాయింట్లు

పాయింట్ల పద్ధతి కనిపెట్టిన పెద్దమనిషి ఎవరో నాకు తెలియదు. తెలిస్తే మే నెలలో రెంటచింతల పట్టుకొచ్చి, మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా కోర్టులో నిలబెట్టి, ఒక్క గేము ఆడించేవాణ్ణి. పాయింటు అనేది కాగితం మీద పుడుతుందో, కాలే నేల మీద పుడుతుందో ఆయనకే తెలిసొచ్చేది.

నా పేరు పున్నయ్య. 1961లో నేను మాచర్లలో డ్రిల్లు మాస్టర్ని. ఆ రోజుల్లో మా పల్నాడుకి బాల్ బ్యాడ్మింటన్ అంటే పిచ్చి. ఇటు అయిదుగురు, అటు అయిదుగురు, మధ్యన వల, పసుపుపచ్చ ఉన్ని బంతి. ముందు ఇరవైతొమ్మిది చేసినవాళ్ళదే గేము. బడి వెనకా, చర్చి ఆవరణలోనూ, కృష్ణ మీద కడుతున్న డ్యాం పనివాళ్ళ క్వార్టర్ల దగ్గరా, ఎక్కడ నాలుగు గజాల చదును కనిపిస్తే అక్కడ సున్నంతో గీతలు పడేవి.

కాలేషా నా దగ్గరే ఆట నేర్చుకున్నాడు. బస్టాండు పక్కన లారీలు బాగుచేసే గులాం మొహిద్దీన్ కొడుకు. అప్పటికి పద్దెనిమిది నిండాయి. పగలంతా లారీ కింద పడుకుని పని, పొద్దువాలాక కోర్టులో ఆట. వెనక వరుసలో నిలబడితే గాలి ఎటు వీచినా బంతి వాడి బ్యాటు దగ్గరికే వచ్చినట్టుండేది. బంతి వాడి దగ్గరికి రావడం కాదు, అది పడే చోటుకి వాడు ముందే వెళ్ళి నిలబడేవాడని నాకు ఏడాదికి గాని అర్థం కాలేదు. అలాంటి ఆటగాణ్ణి నేను మళ్ళీ చూడలేదు. ఈ మాట ఎవరు కాదన్నా నాకు కోపం వస్తుంది.

జిల్లా జట్టులో చోటు దొరికితే రాష్ట్ర పోటీలకు వెళ్ళవచ్చు. అక్కడ ఆట చూసి రైల్వేలోకి తీసుకుంటారని అందరం చెప్పుకునేవాళ్ళం. ఇరవై దాటితే మాత్రం తీసుకోరు. వాడికి కావలసింది అదొక్కటే. లారీ కింది నుంచి లేచి, నిలబడి బతకాలి.

అంతకుముందు జిల్లా జట్టును పెద్దలు కూర్చుని ఎంపిక చేసేవారు. ఎవరి మేనల్లుడు, ఎవరి బావమరిది అని చూసి ఎంపిక చేస్తారని గొడవలయ్యాయి. అందుకని ఆ ఏడు జిల్లా సంఘం పాయింట్లు పెట్టింది. అంకెలకు బంధువులు ఉండరని కార్యదర్శి సభలో చెబితే అందరూ చప్పట్లు కొట్టారట. సంఘం గుర్తించిన పోటీలు అయిదు. గెలిచిన జట్టులో ఒక్కొక్కరికి అయిదు పాయింట్లు, ఫైనల్లో ఓడితే మూడు, సెమీఫైనల్ దాకా వస్తే ఒకటి. ఏడాది చివర ఎక్కువ పాయింట్లున్న పదిమంది జిల్లా జట్టు.

వినడానికి ఎంత బాగుందో చూడండి! ఆ అయిదు పోటీల్లో నాలుగు గుంటూరు, తెనాలి వైపే. మా రెంటచింతల చర్చి పండగ పోటీలకు కృష్ణ అవతల నుంచి కూడా జట్లు వచ్చేవి. కాలేషా అక్కడ మూడేళ్ళు వరసగా గెలిచాడు. దానికి పాయింట్లు సున్న. పైగా సంఘం ఇచ్చే ఆటగాడి కార్డు ఉన్నవాళ్ళకే పాయింట్లు. కార్డులు రిజిస్టరైన క్లబ్బుకే ఇస్తారు. పల్నాడు మొత్తానికి అలాంటి క్లబ్బు నరసరావుపేటలో ఒక్కటే ఉంది, దానికి కార్డులు పది. పదీ పంచేశారు.

ఆ క్లబ్బును నడిపే ప్లీడరు గోపాలకృష్ణయ్య ఒకరోజు నన్ను పిలిపించాడు. కాఫీ తెప్పించాడు. 

“మాస్టారూ, మా అబ్బాయి త్రికోటేశ్వరరావుకి బి.ఏ. పరీక్షలున్నాయి. వాడి కార్డు ఊరికే పడుంది. మీ సాయిబుల కుర్రాణ్ణి దాని మీద ఆడించండి. ఏడాది చివర ఆ పాయింట్లు అతని పేరుకి మార్పిస్తాను. నేను సంఘంలో ఉపాధ్యక్షుణ్ణి కదా, ఆమాత్రం చేయలేనా?”

నేను ఎగిరి గంతేశాను. ఎందుకంటే మా వైపు అది తప్పే కాదు. తిరునాళ్ళ పోటీల్లో జట్టుకు మనిషి తక్కువైతే పక్క ఊరివాణ్ణి లాక్కొచ్చి, రానివాడి పేరుతో దింపడం మామూలే. నేనే ఒకసారి కారంపూడిలో ఎవరిదో పేరుతో ఆడాను. ఆ పేరుగలాయన పోయి ఏడాదయిందని ఫైనల్ గెలిచాక తెలిసింది. కప్పు ఇచ్చేటప్పుడు జనం పడీపడీ నవ్వారు. అక్కడ పేరు రాసేది పిలవడానికి మాత్రమే. ఆడినవాడెవడో ఊరందరికీ తెలుసు. పాయింట్లు వచ్చాక పేరు అంటే వేరే సంగతి అయిందని నా బుర్రకు తట్టలేదు.

కాలేషాకి చెబితే ఒక్కటే అడిగాడు. 

“నా పేరు ఏడా రాయరా సారూ?”

“పేరుదేముందిరా! ఆట నీదేగా,” అన్నాను.

ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

క్లబ్బు జట్టుకు మాస్టరుగా నేనే వెంట వెళ్ళాను. ఆ ఏడంతా తిరిగాం. మీటర్ గేజి బండిలో కిటికీ పక్కన కూర్చుని, బ్యాటు ఒళ్ళో పెట్టుకుని, వాడు నోటితో పాయింట్లు కూడుకునేవాడు. మూడు పోటీలు గెలిచాం. ఒకచోట ఫైనల్లో ఓడాం, ఒకచోట సెమీఫైనల్లో ఆగిపోయాం. పదిహేను, మూడు, ఒకటి. పందొమ్మిది. ప్రతిచోటా జట్టు కాగితం మీద త్రికోటేశ్వరరావు అని రాసి కింద సంతకం పెట్టింది నేనే.

నరసరావుపేట ఫైనల్ చూడటానికి మొహిద్దీన్ షెడ్డు మూసి వచ్చాడు. ఉతికిన లుంగీ, నెత్తిన కొత్త టోపీ. చివరి పాయింటు కాలేషా నేలకు జానెడు ఎత్తున అందుకుని ఎదురుమూలకి కొట్టాడు. జనం లేచి నిలబడ్డారు. “శభాష్ త్రికోటేశ్వరరావ్!” అని మైకులో అరిచారు. మొహిద్దీన్ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

“ఏంది సారూ, ఆడింది మావోడైతే ఇంకెవరి పేరో పిలస్తన్నారు?”

“అది తర్వాత మారుస్తారులే భాయ్,” అన్నాను. ఆయన తలూపాడు గాని, చుట్టూ ఉన్నవాళ్ళకు ఆడింది తన కొడుకని చెప్పుకోలేక నోరు మూసుకుని కూర్చున్నాడు. ఒక తండ్రికి ఆ గతి పట్టించింది నేను.

డిసెంబరులో జాబితా వచ్చింది. త్రికోటేశ్వరరావు, నరసరావుపేట, పందొమ్మిది పాయింట్లు, జాబితాలో రెండో పేరు. కాలేషా పేరు అడుగున కూడా లేదు. బండి పట్టుకుని ప్లీడరు ఇంటికి పోయాను. ఈసారి కాఫీ లేదు.

“కనుక్కున్నాను మాస్టారూ. మార్చడానికి రూలు లేదంటున్నారు. పోనీలెండి, మావాడికి ఆ సర్టిఫికెట్టు లా కాలేజీలో పనికొస్తుంది. మీవాడికి వచ్చే ఏడు సొంత కార్డు ఇప్పిస్తాను.”

“మీవాడు ఎప్పుడన్నా బ్యాటు పట్టుకున్నాడా?” అన్నాను.

“మర్యాదగా మాట్లాడండి,” అన్నాడు. మర్యాద! నా ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రమే ఉన్నది ఉన్నట్టు రాసి సంఘానికి పంపాను.

విచారణకు గుంటూరు పిలిచారు. బల్లకు అటు అయిదుగురు కూర్చున్నారు, ఇటు మేమిద్దరం నిలబడ్డాం. ప్లీడరు అటువైపే కూర్చున్నాడు. నేను జరిగిందంతా చెప్పాను. కాలేషా కూడా అబద్ధమాడలేదు. ఏ పోటీలో ఎవరి మీద ఏ దెబ్బ కొట్టాడో వరసగా చెప్పాడు. వాడు చెబుతుంటే ఆ అయిదుగురిలో ఒకాయన ఆ ఆట గుర్తొచ్చి “ఓహో, అది నువ్వేనా!” అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. “అయితే ఇంకొకరి పేరుతో ఆడానని ఒప్పుకుంటున్నావు. అది నేరం. రెండేళ్ళు నిషేధం. సంతకం పెట్టిన మాస్టారికి ఇక మన పోటీల్లో పనిలేదు.”

“మరి త్రికోటేశ్వరరావు?” అన్నాను.

“ఆ అబ్బాయి చదువు పనిమీద ఊళ్ళోనే లేడు. అతనికేమీ తెలియదు.”

“ఊళ్ళో లేనోడికి పాయింట్లెట్టా వచ్చినయ్యండీ?” అని అరిచాను.

“అరవబాకండి. అది వేరే విషయం. కార్డు మీద ఎవరి పేరుంటే పాయింట్లు వాళ్ళవి. ఒకటి దిద్దితే జాబితా అంతా దిద్దాల్సొస్తుంది.”

బల్ల మీద కాగితాల కట్ట ఉంది. దాన్ని ఎత్తి ఆయన మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. నాకు ఉద్యోగం ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. ఆ పిరికితనం మీద కూడా నాకు కోపమే. నిజం చెబితే న్యాయం జరుగుతుందని వాణ్ణి తీసుకెళ్ళి వాళ్ళ చేతికి అప్పగించాను. తిరుగు బండిలో వాడు లెక్క వేసుకున్నాడు. నిషేధం ముగిసేసరికి ఇరవైఒకటి నడుస్తుంది, ఇక రైల్వే తీసుకోదు. ఆ ఒక్క మాటే పైకి అన్నాడు.

త్రికోటేశ్వరరావు రాష్ట్ర పోటీలకు వెళ్ళాడు. ఒక్కసారి దింపారట. రెండు సర్వీసులు వలకు కొట్టి, కాలు నొప్పంటూ బయటికొచ్చాడట. సర్టిఫికెట్టు మాత్రం అద్దం కట్టించారు.

ఆ తర్వాత కాలేషా కోర్టు వైపు రాలేదు. పిలిచినా ఏదో పని చెప్పేవాడు. మార్చిలో ఒకనాడు ఉండబట్టలేక నేనే షెడ్డుకి వెళ్ళాను. మొహిద్దీన్ టీ తెప్పించాడు. లారీ కింది నుంచి కాలేషా కాళ్ళు మాత్రం కనబడుతున్నాయి. అప్పుడే క్లబ్బు జీపు వచ్చి ఆగింది. అందులోంచి క్లబ్బు మనిషి యల్లమంద దిగాడు.

“శనివారం తెనాలిలో పోటీలు. వెనక ఆడేవోడు లేడు. కుర్రోణ్ణి పంపమన్నాడు ప్లీడరుగారు.”

నా చెవుల్ని నేనే నమ్మలేకపోయాను. “ఏందయ్యా నువ్వనేది? వాడి మీద నిషేధం పెట్టించింది మీరు గాదా?”

“నిషేధం అతని పేరు మీద గదండీ,” అన్నాడు యల్లమంద, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. “వేరే కార్డు తెచ్చా.”

లేచి వాడి చొక్కా పట్టుకున్నాను. టీ గ్లాసు పగిలింది. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను, ప్లీడర్నీ, సంఘాన్నీ, వాళ్ళ కార్డుల్నీ. బస్టాండులో జనం చేరారు. మొహిద్దీన్ నన్ను ఆపలేదు. లారీ కింది నుంచి కాలేషా బయటికొచ్చాడు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నా వైపు చూడకుండా అడిగాడు.

“ఈసారి ఏం పేరు?”

యల్లమంద చెప్పాడు. కాలేషా దాన్ని రెండుసార్లు నోట్లో అనుకున్నాడు. తర్వాత లోపలికి వెళ్ళి బ్యాటు తెచ్చుకున్నాడు.

“పోబాకరా,” అన్నాను. “నీకు ఒక్క పాయింటు గూడా రాదురా.”

“పాయింట్లు ఎవరికన్నా పోనీయండి సారూ. మూడు నెలలైంది బంతి కొట్టి. చెయ్యి ఊరుకోటల్లా.”

జీపు కదిలింది. తిట్టాల్సినవాడు దానిలో వెళ్ళిపోయాడు. అంత కోపమూ పట్టుకుని, ఆనాడు వాడితో పేరుదేముందన్న మనిషిని నేనొక్కణ్ణే అక్కడ మిగిలాను.