అరువు చెయ్యి

దేవుడు మనిషికి ఒళ్లిచ్చి, దాన్ని కాపాడుకునే బుద్ధిని కొందరికి ఎందుకివ్వలేదో నాకు ఏళ్ల తరబడి అంతుపట్టడం లేదు.

ఆ ఉదయం బస్సు డ్రైవరు రోజూలాగే భార్య చప్పిడిగా వండిన కూర మీద ఉప్పు కుమ్మరించుకున్నాడు. "ఇది మనుషులు తినే తిండేనా?" అని ఆమెనే తిట్టాడు. తిన్నాక సిగరెట్టు ముట్టించి, రెండు వీధుల అవతలున్న డిపోకు మోటారు సైకిలెక్కాడు. బస్సు మెట్లెక్కితే ఆయనకు ఆయాసం. కూర్చుంటే బొజ్జ స్టీరింగుకు ఒరుసుకునేది. అది తన హోదా అనుకునేవాడు.

ఆ రోజు డిపోలో ఏటా జరిగే వైద్య పరీక్ష. బీపీ ఎక్కువుంటే బస్సులోంచి దించేస్తారు. దానికి ఆయన దగ్గర పాత ఉపాయముంది. గ్యారేజీలో పనిచేసే బావమరిది బక్కపలచటివాడు. ఆ ఉద్యోగం బావ ఇప్పించినదే. అందుకని ఏటా బావ పేరు చెప్పి తన చెయ్యి చాపేవాడు. పరీక్షించేవాళ్లు ప్రతిసారీ కొత్తవాళ్లే. మొహాలు చూసే తీరిక వాళ్లకుండదు.

"ఈసారి నువ్వే కూర్చో బావా. అక్క బెంగపడుతోంది."

"ఉద్యోగం ఇప్పించినప్పుడు బెంగపడలేదే మీ అక్క? పో. చెయ్యి శుభ్రంగా కడుక్కో, గ్రీజు చూసి పట్టేస్తారు."

బావమరిది చేతికి పట్టీ చుట్టి నర్సు రెండుసార్లు చూసింది. "ఇంత బీపీతో బస్సు నడపకూడదు. ఇవాళే మందులు మొదలుపెట్టండి" అంది.

బయట బావ మండిపడ్డాడు. "నా కొంప ముంచావు కదరా. చీపురుపుల్లలా ఉంటావు, నీకు బీపీ ఏమిట్రా?"

"నాకూ ఇప్పుడే తెలిసింది. నాకే ఇంతుంటే నీకెంతుందో. ఒక్కసారి చూపించుకో బావా, లోపలే ఉన్నారు."

"మిషను పాడైంది" అని తేల్చేశాడు బావ.

సూపర్‌వైజరు బస్సు తాళాలు తీసుకున్నాడు. డ్రైవరు విశ్రాంతి గదిలో కూర్చుని, సిగరెట్టు మీద సిగరెట్టు కాలుస్తూ, మిషను మీద ఫిర్యాదు ఎలా రాయాలో తోటివాళ్లకు చెప్పసాగాడు. మాట మధ్యలో తల వాలింది. నిద్రపోయాడనుకున్నారు. గురక వినిపించడం లేదేమిటని ఒకడికి కాసేపటికి అనుమానం వచ్చింది.

నర్సు పరుగున వచ్చింది. ఇన్నేళ్లకు ఆయన సొంత చేతికి పట్టీ చుట్టారు. మిషను ఏ అంకెనూ చూపలేదు.

స్ట్రెచరుకు ఒక కొస బావమరిది పట్టుకున్నాడు. ఎవరు అడిగినా మధ్యలో చెయ్యి మార్చుకోనివ్వలేదు. ఉద్యోగం ఇప్పించిన రుణం ఆ బరువుతో తీరింది.

మర్నాడు ఆ బస్సెక్కిన కొత్త డ్రైవరు సీటు మీది పాత దిండును దులిపాడు, బోర్లించి కొట్టాడు. దాని నడుమ పడిన గుంట మాత్రం పూడలేదు.