గాలి బాగున్న రోజులు

ఆ ఊళ్లో గాలి గురించి ఎవరికి అనుమానం వచ్చినా కిష్టప్పను అడిగేవారు. పాశమైలారం ఫ్యాక్టరీల ప్రహరీకి ఆనుకున్న ఊరు అది. వాసన వచ్చిందని చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. అదేమి వాసనో, ఎటు నుంచి వస్తున్నదో, ఎంతసేపు ఉంటుందో చెప్పగలిగినవాడు మాత్రం అతనొక్కడే. ఇరవై రెండేళ్లుగా మందుల కంపెనీలో సాల్వెంట్ డ్రమ్ముల దగ్గర పని. కొత్త సరుకు దిగినప్పుడు పరీక్షించడానికి లోపల మిషన్లు ఉన్నాయి. అయినా సూపర్‌వైజర్ జైపాల్ ముందు కిష్టప్పను పిలిపించేవాడు. కిష్టప్ప డ్రమ్ము మూత అర చుట్టు తిప్పి, అరచేతిని దొప్పలా చేసి, గాలిని ముక్కు వైపు రెండుసార్లు తోసుకునేవాడు. అది కొత్త సరుకో, ఒకసారి వాడి మళ్లీ పంపినదో ఒక్కమాటలో తేల్చేసేవాడు. సాయంత్రానికి మిషన్ కూడా అదే చెప్పేది.

ఊళ్లో ఘాటు దిగినప్పుడు జనం డాబాలెక్కి అతని ఇంటి వైపు చూసేవారు. తలుపులు వేసుకొమ్మంటే వేసుకునేవారు, ఏం కాదంటే వంటపనిలో పడిపోయేవారు. ఉన్న భూమి తండ్రి కాలంలోనే ఫ్యాక్టరీల ఎస్టేటు కింద పోయింది. పంచాయతీలో అతని మాట ఎవరూ అడగరు. పెళ్లి సంబంధాలకు సలహా కోసం ఎవరూ రారు. మనిషి నిటారుగా నిలబడాలంటే లోకం తనను అడగవలసిన విషయం ఒక్కటైనా ఉండాలి. కిష్టప్పకు అది ఆ ముక్కు. దాని గురించి ఎప్పుడూ గొప్పలు చెప్పుకోలేదు. గర్వాన్ని అంత అణకువగా దాచుకున్నవాడు ఆ వాడలో మరొకడు లేడు.

భార్య దేవమ్మకు దమ్ము, ఉబ్బసం. వానాకాలం వచ్చిందంటే మూడు దిండ్లు పెట్టుకుని కూర్చునే నిద్రపోవాలి. వాళ్లది ఒకటే గది, వెనక చిన్న వంటిల్లు. గదికున్న పెద్ద కిటికీ ఫ్యాక్టరీల వైపు ఉండడంతో దాన్ని తెరిచి పదకొండేళ్లయింది. సందుల్లో పాత చీర పేలికలు కుక్కి పెట్టారు.

మార్చి నెలాఖరున కరోనాతో దేశమంతా మూతపడింది. ఎస్టేటులో ముప్పావు వంతు కంపెనీలు ఆగిపోయాయి. ఊరివాళ్లు తుమ్మకంపలు అడ్డంవేసి దారి మూసేశారు. నాలుగో రోజు కిష్టప్ప డాబా మీద నిలబడి చాలాసేపు గాలి పీల్చాడు. తడిసిన మట్టి వాసన, ఎవరింట్లోనో పోపు వాసన. అంతకుమించి ఏమీ లేదు. కిందికి దిగి, సుత్తితో కొట్టి ఆ కిటికీ తెరిచాడు. ఆ రాత్రి దేవమ్మ ఒకే దిండు మీద, వెల్లకిలా పడుకుని నిద్రపోయింది.

ఆ పదిహేను రోజులు కిష్టప్ప తన సంతోషాన్ని ఎవరికీ చెప్పలేదు. టీవీలో చచ్చిపోయినవాళ్ల లెక్కలు. బొంబాయి రోడ్డు మీద బీహారు వాళ్లు, ఒడిశా వాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని నడిచిపోతున్నారు. ఇక్కడ తన భార్య హాయిగా ఊపిరి పీలుస్తున్నది. ఇది ఎన్నాళ్లుంటే అంత మంచిదని అతని లోపల ఎవరో అంటున్నారు. ఆ గొంతును నొక్కేయబోయేవాడు. అది మళ్లీ లేచేది.

ఏప్రిల్ సగంలో కంపెనీ నుంచి పిలుపొచ్చింది. ఒక మందు తయారీ ఆపడానికి లేదట. ఇరవై మందిని పదిహేను రోజులు లోపలే ఉంచుకుంటారట. అందరూ ప్యాకింగ్ హాల్లో అట్టలు పరుచుకుని పడుకున్నారు. మహారాష్ట్ర నుంచి వచ్చిన లారీల సరుకు దింపుకున్నారు. నెలాఖరుకు ఇంటికి వచ్చినప్పుడు ఊరి ఆశా కార్యకర్త రవళి నుదుటికి మిషన్ చూపి, జ్వరం లేదన్నది. అయినా పద్నాలుగు రోజులు విడిగా ఉండమన్నది. రెండు రాత్రులు డాబా మీద పడుకున్నాడు. మూడో రాత్రి గాలివాన వచ్చింది. పరుపు చుట్టుకుని కిందికి వచ్చి దేవమ్మ పక్కన పడుకున్నాడు. తర్వాత మళ్లీ పైకి వెళ్లలేదు. ఒక్క గది ఇంట్లో విడిగా ఉండడమనే మాటకు అర్థం ఏముంటుంది, వాడలో అందరూ ఇంతే కదా, అనుకున్నాడు.

అలసటగా ఉండేది. ఒళ్లు తడిసిన గోనెసంచిలా ఉండేది. పొద్దున లేచి మొహం కడుక్కునే సరికే రోజంతా అయిపోయినట్టు అనిపించేది. పదిహేను రోజుల చాకిరీ అనుకున్నాడు. ఏ పనీ లేకపోవడం వల్ల అనుకున్నాడు. ఆ రోజుల్లో అందరూ అలాగే ఉన్నారు. అరుగుల మీద మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, మాటకు ముందే విసిగిపోయేవారు. ఊరంతా అలసిపోయి ఉన్నప్పుడు ఒక్కడి అలసటను ఎవరు విడదీసి చూస్తారు? తిండి సప్పగా ఉందన్నాడు. రేషన్ బియ్యం, రోజూ అదే పప్పు, సప్పగా కాక ఎలా ఉంటుంది. దేవమ్మ మిరపకాయలు ఎక్కువ వేసింది. తన కళ్లవెంట నీళ్లు వచ్చాయి గాని అతనికి సరిపోలేదు.

ఒకరోజు పొద్దున దేవమ్మ చీపురు పక్కన పెట్టి, "జర కిటికీ ఎయ్యి. కంపెనీ వాసనొస్తుంది" అంది.

కిష్టప్ప లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు. కళ్లు మూసుకుని, తొందరపడకుండా, నిండుగా పీల్చాడు. ఏమీ లేదు. రెండోసారి కూడా పీల్చాడు, న్యాయంగా ఉండాలని.

"ఏం లేదు. ఇన్నేండ్లు పీల్చి పీల్చి నీకు లేనిదే ఉన్నట్టనిపిస్తుంది" అన్నాడు.

అతను అబద్ధం చెప్పలేదు. పైగా జాలిపడ్డాడు. భయం పోయినా భయపడే అలవాటు ఒంట్లో ఉండిపోతుందని, కొన్నాళ్లకు అదే పోతుందని ఆమెకు వివరంగా చెప్పాడు. మర్నాడు ఆమె మళ్లీ అదే మాట అంది, కొంచెం గొంతు తగ్గించి. అతను నవ్వాడు. మూడోరోజు ఆమె ఏమీ అనలేదు. చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పనులు చేసుకుంది. కరోనాకు అందరూ కట్టుకుంటున్నారు, ఇంట్లో కూడా అలవాటైనట్టుంది అనుకున్నాడు. రెండో దిండు మళ్లీ వచ్చింది. తర్వాత మూడోది. ఎండలు ముదిరాయి కదా అనుకున్నాడు. కారణాలు అతనికి తడుముకోకుండా దొరికేవి. భార్య మాటను అనుమానించడం ఎంత తేలిక! తన ముక్కును అనుమానించాలన్న ఆలోచన మాత్రం ఒక్కసారైనా రాలేదు.

నాలుగో రోజు సాయంత్రం నాలుగు గంటలప్పుడు ఎదురింటి ఐలన్న డాబా మీద నుంచి పిలిచాడు. ఇద్దరూ చిన్ననాడు కలిసి బర్రెలు కాసినవాళ్లు. ఐలన్న ముఖానికి తువ్వాల రెండు చుట్లు చుట్టుకుని ఉన్నాడు.

"ఏందే కిష్టప్పా ఇది, నాలుగు దినాల సంది సంపుతుంది? కాలువ అవతలి కంపెనోడు షురూ చేసిండా? నువ్వు సప్పుడు చేస్తలేవని మేం గూడ ఊకున్నం."

కిష్టప్ప వీధి పొడుగునా చూశాడు. అన్ని ఇళ్ల కిటికీలూ మూసి ఉన్నాయి. డాబాల మీద మనుషులు ముక్కులు మూసుకుని ఉన్నారు. తనదొక్కటే బార్లా తెరిచి ఉంది.

"వస్తుంది. కాలువ అవతలిదే" అన్నాడు. వాసన చూడకుండా తీర్పు చెప్పడం అదే మొదటిసారి. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట!

"మరి ఇంట్ల దమ్ము మనిషిని పెట్టుకొని కిటికీ బార్ల తీసినవేంది? నీ ముక్కు గూడ లాక్‌డౌన్ల ఉన్నదా?" అని ఐలన్న నవ్వి లోపలికి పోయాడు.

కిష్టప్ప వంటింట్లోకి వెళ్లాడు. దేవమ్మ గదిలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అతను ఉల్లిగడ్డ కోశాడు. కళ్లు మండాయి, అంతే. వెల్లుల్లి నలిపాడు. కర్పూరం బిళ్ల ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మూలనున్న కిరోసిన్ సీసా మూత తీసి, అరచేయి దొప్పచేసి తోసుకోవడం మానేసి, సీసా మూతి ముక్కుకే ఆనించుకుని పీల్చాడు. మంచినీళ్ల సీసాలా ఉంది.

మొదట కలిగింది భయం కాదు. నలుగురిలో బట్టలు ఊడిపోయినప్పుడు కలిగేదేదో అది. తర్వాత గుర్తొచ్చింది. వాసన తెలియకపోతే ఆ జబ్బే కావచ్చని ప్యాకింగ్ హాల్లో అందరూ కలిసి టీవీలో చూశారు. అట్లయితే మన ఎస్టేటుల సగం మందికి ఎప్పటి నుంచో ఉన్నట్టే అని జైపాల్ జోకు వేస్తే తానూ నవ్వాడు.

వంటింటి గడపలోనే చతికిలబడ్డాడు. గాలివాన రాత్రి నుంచి దేవమ్మ పక్కనే పడుకుంటున్నాడు. ఆమె ఊపిరితిత్తులు అసలే తూట్లు పడ్డ జల్లెడ. ఎవరికీ చెప్పకపోతే ఇంకో నాలుగు రోజుల్లో పద్నాలుగు పూర్తవుతాయి, ఎవరడుగుతారు? చెబితే తనను పట్నం దవాఖానకు తీసుకుపోతారు. ఆమెను ఇంకెక్కడో, ఏదో హాస్టల్లో మంచం వేసి ఉంచుతారు. ఆ ముసుగు మనుషుల మధ్య, రాత్రి దమ్ము వస్తే ఎవరు లేపి కూర్చోబెడతారు? చెప్పకుండా ఉంటే, ఇక్కడే, తన పక్కనే...

ఇవి కాక మూడో సంగతి కూడా ఉంది. వాసన వస్తున్నదని నువ్వన్నది నిజం, లేదని నేనన్నది తప్పు అని నోరు తెరిచి చెప్పాలి. లోపలికి చూసుకున్నప్పుడు కిష్టప్పకు ఒక సంగతి కనిపించింది. ఆమె చావు, తన చావు ఎంత బరువున్నాయో, ఆ ఒక్కమాట కూడా తక్కెడలో దాదాపు అంతే తూగుతున్నది. తన మీద తనకు రోత పుట్టింది. ఆ రోత కూడా నీరసంగానే పుట్టింది. దాన్ని పూర్తిగా అనుభవించే ఓపిక లేదు.

లేచి, ముఖానికి తువ్వాల కట్టుకుని, ఇంటి బయటికి వచ్చి, బయటి నుంచి కిటికీ రెక్కలు మూయబోయాడు.

"ఎందుకేస్తున్నవు?" లోపలి నుంచి దేవమ్మ అడిగింది.

"వాసనొస్తుంది."

"నీకొస్తుందా?"

రెక్క అతని చేతిలో సగంలో ఆగింది. "రాలే" అన్నాడు. "ఏం వస్తలేదు దేవమ్మా. కిరోసిన్ గూడ వస్తలేదు."

లోపల ఆమె రెండుసార్లు గట్టిగా గాలి పీల్చిన చప్పుడైంది. మాట్లాడడానికి ఊపిరి కూడబెట్టుకుంటున్నదని అతనికి తర్వాత తెలిసింది.

"నాకెరుకే. మొన్న పొయ్యి మీద పాలు మాడినయి. నువ్వు పక్కనే కూసున్నవు."

"మరి చెప్పలేదేం?"

"రెండుసార్లు చెప్పిన గద వాసనొస్తుందని. నమ్మినవా?" మళ్లీ ఊపిరి తీసుకుంది. "పాలు మాడినంక ఇగ చెప్పబుద్ధి గాలే. చెప్తే నిన్ను తీస్కపోతరు."

అంటే మూడు రోజులుగా ఆమెకు తెలుసు. తెలిసే పక్కన పడుకున్నది. అతను తెలియక చేసినది, ఆమె తెలిసి చేసింది. ఆ రెండింటిలో ఏది ఎక్కువో తూచబోయి, వద్దనుకున్నాడు.

"దమ్ము ఎట్లుంది?" అని అడిగాడు.

"ఇది ఎప్పటి దమ్ము గాదు" అంది దేవమ్మ. "ఇది వేరేది. పీల్చే మందుకు దిగుతలేదు."

అతను రెక్క పూర్తిగా మూసి, అరుగు మీద కూర్చుని రవళికి ఫోన్ చేశాడు.

రాత్రంతా అరుగు మీదే ఉన్నాడు. తెల్లవారాక రవళి వచ్చింది. ఆమె వెనక నెత్తి నుంచి కాళ్ల దాకా తెల్లబట్టల్లో ఇద్దరు. తుమ్మకంపల మూలంగా బండి లోపలికి రాలేదు. వీధి చివర ఆగింది. తెల్లబట్టల మనిషి దేవమ్మ వేలికి చిన్న మిషన్ తగిలించి అంకె చూసి, రెండో మనిషికి మెల్లగా ఏదో చెప్పాడు. రవళి పదడుగుల దూరంలో నిలబడి కాగితం తీసింది.

"వాసన ఎప్పటి సంది తెలుస్తలేదు కాకా? తారీఖు చెప్పాలె."

కిష్టప్ప వేళ్ల మీద లెక్కపెట్టాడు. కంపెనీ నుంచి వచ్చిన రోజా? గాలివాన రాత్రా? ఆ రోజుల్లో ప్రతి పొద్దునా కిటికీ దగ్గర నిలబడి, గాలి ఎంత బాగుందో అనుకున్నాడు. అందులో ఏ రోజు గాలి నిజంగా బాగుందో, ఏ రోజు తానే లేడో, ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్నవాడు చెప్పలేకపోతున్నాడు.

గడపలో కూర్చున్న దేవమ్మ చెప్పింది. "ఐదో తారీఖు రాసుకో బిడ్డా. మంగళారం. ఆ దినం వాసనొస్తుందంటే లేదన్నడు."

"అంతకుముందో?"

దేవమ్మ భర్త వైపు చూసింది. "అంతకుముందు గాలి బాగనే ఉండె" అంది.

రవళి రాసుకుంది. ముందు దేవమ్మను తీసుకుపోవాలని, కిష్టప్పకు వేరే బండి వస్తుందని, కావాలంటే వీధి చివరి దాకా రావచ్చునని, దగ్గరికి మాత్రం పోకూడదని తెల్లబట్టల మనిషి చెప్పాడు. కుర్చీ తెస్తామన్నారు. దేవమ్మ ఒప్పుకోలేదు. వాడంతా డాబాల మీద నుంచి చూస్తున్నది, మోయించుకుని పోనంది.

ఆమె నడిచింది. వీధికి ఇవతలి అంచున, ఆమెకు సమంగా కిష్టప్ప నడిచాడు. నాలుగిళ్లు దాటగానే ఆమె ఆగి గోడ పట్టుకుంది. అతను ఆగాడు. ఆమె ఊపిరి పీల్చిన చప్పుడు వీధి ఇవతలి దాకా వినిపించింది. మళ్లీ కదిలింది, అతనూ కదిలాడు. కోమటి అంగడి ముందు మళ్లీ ఆగింది. మూడోసారి తుమ్మకంపలకు ఇవతల, బండి ఇంకా ఇరవై అడుగులు ఉందనగా ఆగి, మోకాళ్ల మీద చేతులానించి వంగిపోయింది.

రవళి వెనక్కి తిరిగి, "కాకా, నువ్వన్న నడువు, ఆమె మేం తీస్కొస్తం" అంది.

కిష్టప్ప నడవలేదు. దేవమ్మ తల ఎత్తేదాకా, వీధికి ఇవతల, అలాగే నిలబడి ఉన్నాడు.