వెనక మొదటి మనిషి

ఆ ఊళ్లో ఓటంటే పెట్టె లేదు, కాగితం లేదు. పోటీ చేసేవాళ్ళు మైదానంలో నిలబడితే, జనం తమకు నచ్చినవాళ్ళ వెనక బారు తీరతారు. ఎవరి బారు పొడుగైతే వాళ్ళే ఛైర్మన్. లెక్క తేలేదాకా ముందున్నవాళ్ళు వెనక్కి తిరగకూడదు.

నైగగా తల తిప్పకుండా నిలబడింది. పక్కనే తెన్వా, పాత ఛైర్మన్, మీసం దువ్వుకుంటున్నాడు. చేతిపంపు చెడిపోయి రెండు వానకాలాలు దాటినా అటువైపు తొంగిచూడని పెద్దమనిషి. ఊరంతా గుంట నీళ్ళే తాగుతోంది. ఆ నీళ్ళకే పొరుగింటి ముటేసి కూతురికి విరేచనాలు పట్టుకున్నాయి. పిల్లను వీపున కట్టుకుని ఇగంగా పట్నానికి వెళ్ళే రోడ్డు దాకా పరుగెత్తింది నైగగాయే. బండి దొరికేలోపే ప్రాణం పోయింది.

"నువ్వు నిలబడక్కా," అని పిల్లను పూడ్చిన రోజే పట్టుబట్టింది ముటేసి. "నీ వెనక మొదటి మనిషిని నేనే. ఒట్టు."

ఈల మోగింది. మట్టిలో బోలెడు అడుగుల చప్పుడు. వీపు వెనక ఎవరో వచ్చి ఆగారు.

"ముటేసీ, వచ్చావా?"

"ముటేసి కాదు, నేను." అత్తగారు! ఏడాదిగా కోడలితో మాటల్లేవు. "నీ కూర నా నోటికి సయించదు గానీ, నాకు పంపు కావాలి. ఇటు తిరక్కు. నా వెనక ఇద్దరే ఉన్నారు."

లెక్క అయ్యాక తిరిగి చూసింది. తెన్వా బారు చర్చి గోడ దాకా ఉంది. అందులో ముటేసి, చంకలో నీలం సబ్బు కడ్డీతో. నైగగా దగ్గరికి వెళ్ళేసరికి చూపు దించేసుకుంది.

"తెన్వా అందరికీ సబ్బు ఇచ్చాడక్కా. నువ్వెలాగూ గెలుస్తావు, నా ఒక్కదానివల్ల ఏం తేడా వస్తుందిలే అనుకున్నా..."

బారులో చాలామంది అలాగే అనుకున్నట్టున్నారు. ఓడినందుకు కాదు, ముటేసి అలా చూపు దించుకున్నందుకు నైగగాకి కోపమొచ్చింది. ఇంతకంటే తెన్వాయే నయమనిపించింది. అతను ఆమెకు ఏ ఒట్టూ వెయ్యలేదు.

మర్నాడు గుంట దగ్గర ముటేసి కొడుకు చొక్కాలు ఉతుకుతోంది. నైగగాను చూసి గబగబా సబ్బు రెండు ముక్కలు చేసింది.

"కోపం పెట్టుకోకక్కా. ఇదిగో, సగం నువ్వు తీసుకో."

"అది నీ కూతురికి కట్టిన ధర, ముటేసీ. అందులో నాకు వాటా వద్దు."

ముటేసి చెయ్యి అలాగే చాచి ఉండిపోయింది. నైగగా వంగి, అదే గుంటలో డబ్బా ముంచుకుంది.