ఆగని సైకిలు, మోగే తీగ

ఆంచిరబే పట్నంలో నాది సైకిళ్ళ కొట్టు. కొండ మీది ఊరివాళ్ళు నా దగ్గర బ్రేకు తీగలు తెగ కొంటారు. వాళ్ళలో సగం మందికి సైకిలే లేదు. తీగ పురి విప్పి, ఒక్కొక్క పోగూ వెదురు బొంగు మీద మేకులతో బిగించి వలీహా అనే వాద్యం చేసి వాయిస్తారు. వెనకటివాళ్ళు వెదురు పైపొరనే సన్నగా చీల్చి, కింద సొరబుర్ర ముక్కలు దోపి, దాన్నే మీటేవారు. అందులో నాకు మిగిలేదేమీ లేదు.

ఆ చలికాలం రవావమ్మ తన తండ్రి రైనివావును సమాధిలోంచి తీసి కొత్త పట్టు చుట్టే పండగ చేసింది. పోయినాయన్ని వాయించి లేపడానికి ఆవిడ మేనల్లుడు రలంబు తీగల వలీహా తెచ్చాడు.

"అది అవతల పెట్టు. మా నాన్నకి వెదురు చప్పుడే తెలుసు. ఇది వింటే పక్కింటి పెళ్ళేమో అనుకుని లేవడు. పైగా సైకిలు సామాను. ఆయన్ని మింగింది సైకిలే కదా?" అని నా వైపు చూసింది.

ఆ సైకిలు అమ్మింది నేనే. కొండ దిగుతూ ఆగక, ఎద్దుబండిని గుద్దుకుని పోయాడాయన. బ్రేకులు నాసిరకమని ఊరంతా అనుకుంది. ఇప్పుడీవిడ తీగలొద్దంటే ఊళ్ళో ఇంకెవరూ కొనరు. నాకు మాత్రం ఓ సంగతి గుర్తుంది. పోయే ముందు ఆయన కొట్టుకొచ్చి, "బ్రేకు లేకున్నా సైకిలు నడుస్తుందిగా?" అన్నాడు. "నడుస్తుంది, ఆగదంతే" అన్నాను.

"ఆయన వలీహాతోనే పిలవండమ్మా," అన్నాను అమాయకంగా.

ఆయన వలీహాకు చుట్టి ఉన్న, ఆయన పోయాక ఎవరూ విప్పని గుడ్డను రవావమ్మే విప్పింది. వెదురు తంతుల మధ్య రెండు బ్రేకు తీగలు తళుక్కుమన్నాయి. రలంబు మీటితే ఖంగుమన్నాయి.

ఆవిడ చాప మీది పట్టు మూట వైపు తిరిగింది. "ఇదా నాన్నా నువ్వు చేసిన పని? పాతికేళ్ళుగా ఈయన్ని తిట్టిపోస్తున్నానే. ఓ మాట చెప్పకూడదూ?" అని, రమ్ము ఓ గుక్క తాగి, "వాయించరా, ఆయనకిష్టమైందే వాయించు" అంది.

అందరూ మూటను భుజాలకెత్తుకుని ఆడారు. నేనూ ఆడాను. నా తీగలు గట్టెక్కాయి.

ఆట ఆగగానే రవావమ్మ అందరికీ వినబడేలా అంది: "వలీహా పట్టినవాడు మాత్రం ఇక సైకిలెక్కకూడదు. రెండిట్లో ఏదో ఒకటే."

ఆ ఊళ్ళో వలీహా పట్టనివాడు లేడు. సంత రోజుకల్లా సైకిళ్ళు వెనక్కిచ్చేవాళ్ళు నా కొట్టు ముందు వరస కట్టారు.

ఇప్పుడు తీగల పక్కనే వలీహాకు కొట్టే మేకులు కూడా అమ్మకానికి పెట్టాను. మేకెక్కి ఎవరూ కొండ దిగలేరు కదా.