ఇలకోడికి రెండు పక్కలు

లెయార్కో లుగారీకి ముక్కు మీద కోపమని పో అనే నది మైదానంలో ఏ ఊళ్ళో అడిగినా చెబుతారు. ఆ కోపానికి ఎదురెళ్ళి తలుపు తట్టాల్సిన పని జినేవ్రా నెత్తిన పడింది. ఆమె ఆయన అన్న ఎర్మెతేకు మనవరాలు. అన్నదమ్ములు మాటలు మానేసిన తర్వాత పుట్టిన పిల్ల. ఎర్మెతే పోయి చాలాకాలమైంది. ఈ చిన్న తాత ఆమెకు పెళ్ళిళ్ళలో దూరం నుంచి కనిపించే టోపీ, అంతే.

పొగమంచు ఇంకా పొలాల మీద నుంచి లేవలేదు. చెప్పవలసిన మాటలు వల్లె వేసుకుంటూ జినేవ్రా నడిచింది.

లుగారీ కంపెనీ సంగతంటే ఆ చుట్టుపక్కల వాళ్ళకు సొంతింటి సంగతే. జినేవ్రా ముత్తాత సైకిళ్ళతో మొదలుపెట్టాడు. యుద్ధం రోజుల్లో సైకిళ్ళు కొనే దిక్కులేక వంటగిన్నెలు చేశాడు. యుద్ధం అయ్యాక సైన్యం వదిలేసిన చిన్న ఇంజన్లు ఏరుకొచ్చి సైకిళ్ళకు తగిలించి అమ్మాడు. ఆ తర్వాత ఆయన కొడుకులు ఎర్మెతే, లెయార్కో కలిసి ఒక బుల్లి కారు చేశారు. ఇంజను పెట్టే గోలను బట్టి దానికి చికాలా, అంటే కీచుమనే ఇలకోడి పురుగు, అని పేరొచ్చింది. స్కూలు పంతుళ్ళు, పాలవాళ్ళు, మంత్రసానులు మొదటిసారి ఎక్కిన కారు అదే. ఊళ్ళో కొందరు పుట్టింది కూడా అందులోనేనని ముసలమ్మలు నవ్వుతారు. తర్వాత ఒక పెద్ద కంపెనీ లుగారీని కొనేసింది. కొన్నాళ్ళు పేరు ఉంచింది, మరికొన్నాళ్ళకు పేరూ పీకేసింది, చివరికి గేటుకు తాళం వేసింది. డ్రాయింగులన్నీ చెత్తలోకి పోయాయి.

ఇప్పుడు పాత కార్మికులూ వాళ్ళ పిల్లలూ సహకార సంఘం పెట్టుకుని, ఆ పాత ఫ్యాక్టరీ షెడ్డులోనే ఇలకోడిని కరెంటు కారుగా మళ్ళీ చేద్దామని పట్టుపట్టారు. ఆకారం మాత్రం పాతదే ఉండాలి. లేకపోతే దాన్ని లుగారీ అని ఎవరంటారు? చేత్తో రేకు కొట్టి చేసిన మొదటి కారు ఒక్కటే మిగిలింది. అది లెయార్కో కొట్టంలో ఉంది, దాన్ని కొలవనివ్వమని అడగడానికి సంఘం జినేవ్రాను పంపింది. దాని కొలతలు దొరక్కపోతే, వేసవికల్లా మునిసిపాలిటీ ఆ షెడ్డును పార్సిళ్ళ గోడౌను వాళ్ళకు ఇచ్చేస్తుంది.

ఆ కారు కొట్టంలోకి చేరడం వెనక పెద్ద గొడవే ఉంది. ఇసుక సంచి మీద రేకు పెట్టి, సుత్తితో కొట్టి ఒంపు తీసే రోజులవి. కారు ఎడమ పక్క ఎర్మెతేది, కుడి పక్క లెయార్కోది. ఒకరి పక్క మీద ఇంకొకరు సుత్తి వేయకూడదు, అది రేకు పనివాళ్ళ మర్యాద. రేకును అచ్చులో నొక్కే ప్రెస్సు యంత్రాలు వచ్చినప్పుడు, పెద్దవాడైన ఎర్మెతే తన ఎడమ పక్కను కొలిపించి, దాన్నే అద్దంలోలా తిరగేసి కుడి పక్కకు కూడా అచ్చు పోయించాడు. అచ్చులోంచి దిగిన మొదటి కారును చూడగానే లెయార్కో సుత్తి కింద పెట్టాడు. చేత్తో కొట్టిన కారెక్కి గేటు దాటాడు. మళ్ళీ అటు తిరిగి చూడలేదు. తన పనిని పక్కన పెట్టారన్న ఉక్రోషమని ఊరు తేల్చేసింది. జినేవ్రా ఇంట్లోనూ అదే మాట.

అందుకే ఆమె ఒక ఉపాయం ఆలోచించుకుని మరీ వచ్చింది.

తలుపు తీసింది లెయార్కో భార్య జెలిందా. చేతులనిండా పిండి.

"ఎర్మెతే మనవరాలివి కదూ? ఆ ముక్కే చెబుతోందిలే. రా లోపలికి, చలికి బిగుసుకుపోయావు. ఏమయ్యా! మీ అన్న మనవరాలొచ్చింది. లేచి పలకరిస్తావో, కూర్చునే తిడతావో నీ ఇష్టం."

లెయార్కో పొయ్యి పక్క నుంచి కదల్లేదు. "ఏం కావాలట?"

"కారు చూడాలి చిన్న తాతా."

"ఏముంది చూడ్డానికి? నాలుగు చక్రాలు. బజార్లో బోలెడు తిరుగుతున్నాయి." ఆయన టోపీ వెనక్కి తోసుకున్నాడు. "మీరు చేసేది కరెంటుదట కదా? అంటే అరవదు. నోరులేని ఇలకోడి! మా నాన్న బతికుంటే నవ్వి నవ్వి చచ్చేవాడు."

"పుణ్యాత్ముడు, ముందే పోయాడు," అంది జెలిందా, గుమ్మడి ముద్ద పెట్టి మడిచిన పిండి అంచులు నొక్కుతూ.

జినేవ్రా తన ఉపాయం బయటపెట్టింది. "అప్పుడు మా తాతయ్య తప్పు చేశాడు. ఇప్పుడు నేను దిద్దుతాను. నీ కుడి పక్కనే కొలుచుకుంటాం. దాన్నే తిరగేసి ఎడమవైపుకి కూడా అచ్చు పోస్తాం. కారంతా నీ చేతిదే అవుతుంది."

లెయార్కో ఒంటికాలి మీద లేచాడు.

"ఎవరు నేర్పారే నీకీ తెలివి? వాడు నన్ను తీసేశాడని, నువ్వొచ్చి వాణ్ణి తీసేస్తావా? మీ తాతనే? సిగ్గు లేదూ?"

జినేవ్రా ఒక అడుగు వెనక్కి వేసింది. సంతోషిస్తాడనుకున్న మనిషి మండిపడుతున్నాడు.

"వాడి చెయ్యి బరువు. నాది తేలిక," అన్నాడు ఆయన, గొంతు తగ్గించి. "వాడి మడ్‌గార్డు ఛాతీ విరుచుకుని నిలబడేది. నాది కాస్త వాలి ఉండేది. ఎదురుగా నిలబడి చూస్తే, నవ్వబోతూ ఆగిన మనిషిలా ఉండేది ఆ కారు. ఎవరి మొహమైనా రెండు పక్కలా ఒక్కలాగే ఉంటుందా? అచ్చులో దిగినదానికి మొహమే లేదు. నా పక్క తీసేశారని కాదే పిల్లా నేను వెళ్ళిపోయింది. మా ఇద్దర్నీ తీసేశారని."

"మరి తాతయ్యతో ఆ మాట అనలేదా?"

"వాడు అడిగాడా?"

"నువ్వు చెప్పావా?" అంది జెలిందా, తలెత్తకుండానే.

లెయార్కో పొయ్యి వైపు తిరిగిపోయాడు. జినేవ్రాకు ఆయన మీద కోపమూ జాలీ ఒకేసారి కలిగాయి. రెండు జీవితాలు ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయాయి.

"చిన్న తాతా," అంది. "ఎడమ మడ్‌గార్డుకీ కుడి మడ్‌గార్డుకీ అచ్చులు ఎలాగూ వేరువేరు. ఒకదాన్నే తిరగేయాలని రూలేమీ లేదు. రెండు పక్కలూ కొలుస్తాం. దేని అచ్చు దానికే పోస్తాం. సరేనా?"

"మీ ఇంజినీర్లు వంకర అంటారు."

"అననీ."

ఆయన పొయ్యి వైపు నుంచి ఇటు తిరిగాడు. తర్వాత చెప్పులు వెతుక్కున్నాడు. "మంచులో తడుస్తావు, నా కోటు వేసుకో. కొట్టం తలుపు తోయడానికి ఇద్దరం కావాలి."

ఇంజినీర్లు వంకర అనే అన్నారు. సంఘం మీటింగులో సాయంత్రమంతా పోట్లాట. ఒక పెద్దాయన లేచి, తన పెళ్ళికి ఎక్కిన, అచ్చులో చేసిన ఇలకోడి ఎందుకో పరాయిదానిలా ఉండేదనీ, కారణం ఇప్పుడు తెలిసిందనీ అన్నాక ఒప్పుకుంటూ చేతులు లేచాయి. షెడ్డు సంఘానికే మిగిలింది.

వసంతంలో మొదటి కారు షెడ్డు గుమ్మంలోకి వచ్చింది. లెయార్కో ఆదివారం బట్టలు వేసుకుని, జెలిందా చెయ్యి పట్టుకుని వచ్చాడు. పనివాళ్ళంతా పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఆయన ముందు తన పక్కకు వెళ్ళాడు. మడ్‌గార్డు మీద అరచెయ్యి ఆనించి, వెనకనుంచి ముందుదాకా మెల్లగా లాగాడు. పెదవి విరిచాడు. చుట్టూ తిరిగి అన్న పక్కకు వచ్చి అలాగే చేశాడు. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

"వాడిదే బాగుంది," అన్నాడు. ఆయన కళ్ళు నిండిపోయాయి. "మొదట్నుంచీ వాడిదే బాగుండేది. ఆ మాటంటే వాడు ఎగిరిపడతాడని అనలేదు. ఎగిరిపడితే ఏం పోయేది?"

జినేవ్రాకు ఏడుపు ఆగలేదు. ఆమె దాచుకోనూ లేదు.

లెయార్కో రుమాలుతో ముక్కు చీదుకుని, కుడివైపు తలుపు తీసుకుని కూర్చున్నాడు.

"ఏడ్చింది చాలు, ఎక్కు. నువ్వు మీ తాత పక్కన, ఎడమవైపు స్టీరింగు దగ్గర కూర్చుని నడుపు. నేను నా పక్కన కూర్చుంటాను."